షుగర్ గోళీ చేతికొచ్చింది, కంచంలో ఖనిజం పోయింది

2025 ఉగాది నాడు హుజూర్‌నగర్‌లో ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి రేషన్ కార్డుదారులకు సన్నబియ్యం పథకం మొదలుపెట్టారు. మనిషికి నెలకు 6 కిలోలు, పైసా ఖర్చు లేకుండా. దీన్ని తేలిగ్గా తీసిపారేసేవాళ్లు రేషన్ దుకాణం ముందు ఏనాడూ సంచి పట్టుకొని నిలబడనివాళ్లే. దొడ్డు బియ్యం తినలేక కిలోకు ఇంత అని దళారికి అమ్ముకొని, ఆ పైసలకు ఇంకొన్ని కలిపి బజారులో సన్నబియ్యం కొనుక్కున్న కుటుంబాలు ప్రతి వాడలో ఉన్నాయి. ఊరి పెద్ద ఇంట్లో వండే అన్నమే మన ఇంట్లోనూ వండటం చిన్న విషయం కాదు. అన్నం రంగు, మెతుకు సైజు కూడా ఈ దేశంలో కులమే.

అయితే ఆ పథకం మీద జరిగిన చర్చంతా ధర, సేకరణ, మిల్లర్లు, కేంద్రం వాటా ఎంత, రాష్ట్రం వాటా ఎంత అనే చోటే ఆగిపోయింది. ఆ బియ్యం తినే ఇంట్లో షుగర్ ఉన్నవాళ్లు ఎంతమంది, వాళ్ల కంచంలో అన్నం తప్ప ఇంకేం మిగిలింది అని అడిగినవాళ్లు లేరు.

అడగాల్సిన అవసరం ఉంది. భారత వైద్య పరిశోధన మండలి, ఐసీఎంఆర్, దేశమంతా తిరిగి చేసిన ఇండియాబ్ అధ్యయనం 2023లో బయటపెట్టిన లెక్క ప్రకారం దేశంలో 10 కోట్ల 10 లక్షల మందికి షుగర్ ఉంది. ఇంకో 13 కోట్ల 60 లక్షల మంది దాని అంచున ఉన్నారు. ఇది కూర్చొని తినేవాళ్ల జబ్బు, పెద్దోళ్ల జబ్బు అనే మాట ఇంకా కొందరు డాక్టర్ల నోట కూడా వినబడుతుంది. అదే అధ్యయనం 2017లోనే ఒక సంగతి చెప్పింది. ఆర్థికంగా ముందున్న కొన్ని రాష్ట్రాల పట్టణాల్లో షుగర్ ఉన్నోళ్లకంటే లేనోళ్లలోనే ఎక్కువ కనబడుతోంది. డబ్బున్నవాళ్లు నడక మార్గాలకూ చిరుధాన్యాలకూ మళ్లుతుంటే, ఆ జబ్బు బస్తీలకూ వాడలకూ దిగింది. అదే పరిశోధకులు 2025లో ప్రచురించిన మరో పరిశీలనలో, మన దేశంలో మనిషి తిండి నుంచి పొందే శక్తిలో దాదాపు 62 శాతం పిండి పదార్థాల నుంచే వస్తోందని తేల్చారు. ఆ పిండిలో ఎక్కువ భాగం ఏమిటో మన ప్రాంతంలో చెప్పనక్కర్లేదు.

షుగర్ అంటే చక్కెర లెక్క ఒక్కటే అన్నట్టు మాట్లాడతాం. రక్తంలో ఎంత, తినకముందు ఎంత, తిన్నాక ఎంత. కానీ షుగర్ ఉన్న మనిషి ఒంట్లో చక్కెరతో పాటు ఖనిజాల లెక్క కూడా తప్పుతుంది. మెగ్నీషియం, పొటాషియం, సోడియం, జింకు, ఇనుము, కాల్షియం. ఇవన్నీ పుస్తకంలో పేర్లు కావు. కాళ్ల తిమ్మిరి, పిక్కలు పట్టేయడం, నీరసం, గుండె దడ, చివరికి డయాలసిస్ మంచం దాకా వీటి పాత్ర ఉంటుంది.

మిల్లులో పోయేది

హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో మన దేశపు ఆహార పదార్థాల పోషక విలువల పట్టికలు వేసింది. అందులో 100 గ్రాముల దంపుడు బియ్యంలో మెగ్నీషియం దాదాపు 94 మిల్లీగ్రాములు. అదే బియ్యం మిల్లులో పాలిష్ పట్టాక 19 మిల్లీగ్రాములు. అయిదింట నాలుగు వంతులు తవుడులోకి పోయింది. ఆ తవుడు నూనె ఫ్యాక్టరీకి పోతుంది, పశువుల దాణాలోకి పోతుంది. మనకు తెల్లదనం మిగులుతుంది. అదే పట్టికలో రాగుల్లో మెగ్నీషియం 146, కాల్షియం 364 మిల్లీగ్రాములు. తెల్లబియ్యంలో కాల్షియం 8 కూడా లేదు.

మెగ్నీషియం ఎందుకంటారా? ఇన్సులిన్ కణం తలుపు తట్టినప్పుడు ఆ తలుపు తెరుచుకునే పనిలో మెగ్నీషియం ఉండాలి. అది తగ్గితే ఇన్సులిన్ ఉన్నా సరిగా పనిచేయదు. ఇంకో పక్క, రక్తంలో చక్కెర ఎక్కువైతే అది మూత్రంలో పోతూ నీళ్లను లాగుతుంది, నీళ్లతో పాటు మెగ్నీషియాన్ని కూడా లాక్కుపోతుంది. అంటే షుగర్ పెరిగితే మెగ్నీషియం తగ్గుతుంది, మెగ్నీషియం తగ్గితే షుగర్ అదుపులోకి రావడం కష్టమవుతుంది. దీనికి తోడు బీపీ కోసం ఇచ్చే నీళ్ల గోళీల్లో కొన్ని మెగ్నీషియాన్నీ పొటాషియాన్నీ మూత్రంలోకి పంపేస్తాయి. కడుపులో మంట అని ఏళ్ల తరబడి మింగే గ్యాస్ గోళీ కూడా మెగ్నీషియాన్ని తగ్గించగలదు. మన వాడల్లో షుగర్, బీపీ, గ్యాస్ గోళీలు ఒకే ప్లాస్టిక్ కవరులో ఉంటాయి. ఆర్ఎంపీ దగ్గర, మెడికల్ షాపులో అడగకుండానే గ్యాస్ గోళీ కలిపి ఇస్తారు. ఈ మూడింటి లెక్క కలిపి చూసేవాళ్లు ఎవరూ ఉండరు.

ఇది చదివి మెగ్నీషియం గోళీలు కొనడానికి పరుగెత్తకండి. ఆ సంగతి తర్వాత చెప్తాను.

జొన్న గట్క ఎటు పోయింది

మెదక్, మహబూబ్‌నగర్, అనంతపురం మెట్ట పల్లెల్లో మన తాతలు తిన్నది బియ్యం కాదు. జొన్న గట్క, రాగి సంకటి, కొర్ర అన్నం. బియ్యం పండుగనాటి తిండి. 1983లో ఎన్టీఆర్ తెచ్చిన కిలో 2 రూపాయల బియ్యం ఆకలిని తగ్గించింది, అందులో సందేహం లేదు. ఆకలికి జవాబు బియ్యమే అని కూడా అది తేల్చేసింది. నీళ్లున్న భూములు ఎవరివో వాళ్ల వడ్లకు సర్కారు మద్దతు ధర, మిల్లు, గోదాము, రవాణా అన్నీ వచ్చాయి. ఎర్రచెలకల్లో, అసైన్డ్ భూముల్లో దళితులు వేసుకునే జొన్న, సజ్జ, కొర్రకు ఏమీ రాలేదు. కొనేవాళ్లు లేక, అదే కుటుంబం రేషన్ బియ్యానికి అలవాటై, ఆ చెలక పడావు పడింది, లేదంటే పత్తి చేను అయింది.

పత్తి వచ్చాక ఇంకొకటి పోయింది, అది ఎవరి లెక్కలోనూ లేదు. కలుపు తీసే ఆడవాళ్లు సాయంత్రం కొంగులో కట్టుకొచ్చే ఆకుకూరలు. గునుగు, తుమ్మి, దొగ్గలి, పొన్నగంటి. విత్తనం వేయకుండా చేనులో మొలిచే ఈ కూరలు ఆకుపచ్చవి కాబట్టి వాటిలో మెగ్నీషియం ఉంటుంది, ఆకు పచ్చదనానికి మూలమే అది. గడ్డి మందు కొట్టడం మొదలయ్యాక కలుపు కూలీ పోయింది, కూర కూడా పోయింది. ఒక్క పిచికారీతో దళిత ఆడమనిషి కూలి డబ్బులు, ఆమె ఇంటి ఇనుము, మెగ్నీషియం కలిపి ఎండిపోయాయి. దీన్ని నష్టం కింద రాసే రిజిస్టరు ఏ వ్యవసాయ శాఖలోనూ లేదు.

దీనికి ఎదురు నడిచినవాళ్లూ ఉన్నారు. సంగారెడ్డి జిల్లా జహీరాబాద్ చుట్టూ డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాల్లో ఎక్కువమంది దళిత ఆడవాళ్లే. 1990ల మధ్యలో పడావు భూములు దున్ని జొన్నలు పండించి, ఊళ్లోనే నిల్వచేసి, ఏ ఇల్లు ఎంత పేదదో తామే తేల్చి, తక్కువ ధరకు అమ్మారు. సర్కారు రేషన్‌కు పోటీగా తమదైన రేషన్ అది. 2008 నుంచి సొంత రేడియో నడుపుతున్నారు. 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి సంస్థ ఇచ్చే ఈక్వేటర్ పురస్కారం వచ్చింది. సన్మానం దాకా అందరూ వస్తారు. ఆ నమూనాను రాష్ట్రమంతా పెట్టమంటే మాత్రం ఎవరూ కదలరు.

2023ను అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరం అన్నారు. ప్రధానమంత్రి వాటికి శ్రీఅన్నం అని పేరు పెట్టారు. పేరు మారిన తిండి సూపర్ మార్కెట్ అరలోకి ఎక్కింది, రంగు రంగుల ప్యాకెట్లో కుక్కీలు అయింది. తరాలుగా పేదోళ్ల తిండి అని వెక్కిరించబడ్డ కొర్ర ఇప్పుడు కిలో ధర చూసి పేదోళ్లే వెనక్కి పెట్టే సరుకు అయింది. శ్రీ కలిపారు, మనల్ని తీసేశారు.

డైట్ చార్టుకూ కులం ఉంది

షుగర్ దవాఖానాలో ఇచ్చే ఆహార పట్టిక ఒకటి తీసి చూడండి. పొద్దున మొలకలు, పది గంటలకు బాదం పలుకులు, మధ్యాహ్నం చపాతీ, సాయంత్రం పన్నీరు ముక్కలు. కూలికి పోయే మనిషి పది గంటలకు ఎక్కడ ఉంటుందో ఆ కాగితం రాసినవాళ్లకు తెలియదు. ఆ పట్టికలో పెద్దకూర అనే మాట ఎక్కడా ఉండదు. బోటి ఉండదు, కార్జం ఉండదు, నల్ల ఉండదు, ఎండు చేప ఉండదు. ఇవి మన ఇళ్లలో పోషణ ఇచ్చిన తిండ్లు. ఇనుము, జింకు, విటమిన్ బీ12 ఇవన్నీ ఒంటికి తేలిగ్గా పట్టే రూపంలో మాంసంలో ఉంటాయి. ధాన్యాల్లో, పప్పుల్లో ఉన్న ఇనుమును, జింకును అదే గింజల్లోని కొన్ని పదార్థాలు పట్టి ఉంచుతాయి, మాంసంలోని ఇనుముకు ఆ అడ్డు పెద్దగా లేదు.

జింకుకు షుగర్‌తో నేరుగా సంబంధం ఉంది. క్లోమంలో ఇన్సులిన్‌ను నిల్వ చేసేటప్పుడు దాన్ని మూటగా కట్టిపెట్టేది జింకే. బీ12 ఖనిజం కాదు, విటమిన్. దాని అణువు నడిమధ్యన కోబాల్టు ఉంటుంది కాబట్టి ఇక్కడ చెప్పుకోవచ్చు. అదీగాక చెప్పకుండా వదిలేయలేని కారణం ఒకటుంది. సర్కారు దవాఖానాలో, బస్తీ దవాఖానాలో షుగర్‌కు మొదట ఇచ్చేది మెట్‌ఫార్మిన్. మంచి మందు, చవక మందు, మానకూడనిది. కానీ ఏళ్ల తరబడి వాడితే పేగుల్లో బీ12 పట్టడాన్ని తగ్గిస్తుంది. అందుకే దీర్ఘకాలం వాడేవాళ్లకు అప్పుడప్పుడు బీ12 పరీక్ష చేయాలని అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతాయి. బీ12 తగ్గితే కాళ్లు తిమ్మిర్లెక్కుతాయి, అరికాళ్లు మండుతాయి, స్పర్శ పోతుంది. షుగర్ ముదిరినా ఇవే లక్షణాలు. డాక్టరు షుగర్ వల్లే అనుకుంటాడు, గోళీ డోసు పెంచుతాడు. స్పర్శ లేని కాలితో చెత్త ఎత్తే మనిషికి, మోరీ తీసే మనిషికి గాజు పెంకు గుచ్చుకున్నా తెలియదు. పుండు అవుతుంది, కాలు తీసేస్తారు. అది ఏ భాగం షుగర్ వల్ల, ఏ భాగం బీ12 పరీక్ష చేయకపోవడం వల్ల అని ఎవరూ తేల్చరు.

సహజంగా బీ12 దొరికేది జంతువుల నుంచి వచ్చే తిండిలోనే. అలాంటప్పుడు పేదవాడికి చవకగా దొరికే మాంసం ఏది? 1977 నాటి గోవధ నిషేధ చట్టం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆవును, దూడలను నిషేధించింది, పనికిరాని ఎద్దును, గేదెను ధ్రువపత్రంతో కోయనిచ్చింది. చట్టం అదే, దారి మీద ఆగే బండ్లు, కొట్టే గుంపులు మాత్రం పెరిగాయి. చట్టప్రకారం అమ్మే మనిషి కూడా భయంతో అమ్మాల్సిన పరిస్థితి. 2012 ఏప్రిల్‌లో ఉస్మానియా విశ్వవిద్యాలయంలో విద్యార్థులు పెద్దకూర పండుగ చేస్తే దాడులు జరిగాయి. అప్పుడు దాన్ని రెచ్చగొట్టే రాజకీయం అన్నారు. ఆ విద్యార్థులు అడిగింది గౌరవం. అందులో ఆరోగ్యం సంగతి కూడా ఉందని ఇప్పుడు చెప్పాలి. అంబేద్కర్ 1948లో అంటరానివాళ్ల మీద రాసిన పుస్తకంలో గొడ్డుమాంసానికీ అంటరానితనానికీ ముడి ఎక్కడ పడిందో వెతికారు. ఆ ముడి ఇప్పుడు డైట్ చార్టులో ఉంది.

మన తిండిని ఆకాశానికి ఎత్తాల్సిన పనీ లేదు. ఎండు తునకల్లో, ఎండు చేపల్లో ఉప్పు చాలా ఎక్కువ. బీపీ, కిడ్నీ దెబ్బతిన్నవాళ్లకు అవి రోజూ తినే వస్తువులు కావు. నూనెలో తేలే వేపుడు కూర కంటే ఉడకబెట్టి వండుకున్న కొంచెం కూర మేలు. గుడ్డు అన్నిటికంటే సులువు. అంగన్‌వాడీలో గుడ్డు పెట్టడానికి అడ్డుపడే భక్తిమంతులు అది పిల్లల నోటికి అడ్డుపడటం అని ఎప్పుడు గ్రహిస్తారో.

రక్తహీనతతో పాటు షుగర్

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో రక్తహీనత దేశంలో 57 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 58.8, తెలంగాణలో 57.6. దళిత, ఆదివాసీ మహిళల్లో సగటు కంటే ఎక్కువ. ఇది షుగర్‌తో కలిసినప్పుడు ఇంకో చిక్కు వస్తుంది. మూడు నెలల సగటు చక్కెర చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష ఎర్ర రక్తకణాల మీద ఆధారపడుతుంది. ఇనుము లోపం వల్ల రక్తహీనత ఉంటే ఆ అంకె అసలు కంటే ఎక్కువ చూపించవచ్చు. సికిల్ సెల్ లాంటివి ఉంటే, రక్తం ఎక్కించి ఉంటే, తక్కువ చూపించవచ్చు. ఒక ఆమెకు లేని షుగర్ అంటగడతారు, ఇంకో ఆమెకు ఉన్న షుగర్ దాచేస్తారు. హిమోగ్లోబిన్ పరీక్ష పక్కన పెట్టుకొని చదవాల్సిన అంకె అది. ఈ ఒక్క మాట ఆశా కార్యకర్త నుంచి మెడికల్ ఆఫీసరు దాకా అందరికీ చేరితే చాలా తప్పులు ఆగుతాయి.

సర్కారు దగ్గర రక్తహీనతకు ఉన్న జవాబు ఫోర్టిఫైడ్ బియ్యం. 2021 ఆగస్టు 15న ఎర్రకోట మీద నుంచి ప్రకటించారు. 2024 అక్టోబరులో కేంద్ర మంత్రివర్గం దాన్ని 2028 డిసెంబరు దాకా కొనసాగించాలని నిర్ణయించింది. బియ్యప్పిండిలో ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బీ12 కలిపి బియ్యం గింజల్లాగే చేసి, మామూలు బియ్యంలో నూటికి ఒకటి చొప్పున కలుపుతారు. వాడల్లో దీన్ని ప్లాస్టిక్ బియ్యం అని ఏరి పారేసినవాళ్లున్నారు. అది ప్లాస్టిక్ కాదు. ముందే చెప్పి ఇవ్వకపోవడం సర్కారు తప్పు. అసలు తమాషా వేరే ఉంది. మిల్లులో అన్నీ తీసేసి, మళ్లీ మూడింటిని కంపెనీ దగ్గర కొని కలపడం. మెగ్నీషియం, పొటాషియం తిరిగి రాలేదు. ఇక తలసీమియా, సికిల్ సెల్ ఉన్నవాళ్లు అదనపు ఇనుము విషయంలో డాక్టరును అడగాలి. ఆదిలాబాద్, భద్రాచలం, అల్లూరి జిల్లాల ఆదివాసీలకు, తెలియకుండానే అందరికీ ఒకే సంచి అందించడం ఏ శాస్త్రం? 2023 జూలైలో సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలుపెట్టిన ప్రభుత్వమూ ఇదే.

ఉప్పు, పొటాషియం, కిడ్నీ

ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకు రోజుకు 5 గ్రాముల ఉప్పు కంటే తక్కువ అంటుంది. ఒక చెంచా. కూర లేని రోజున పచ్చడి మెతుకులే తినే ఇంట్లో ఆ చెంచా ఒక్క పూటకే అయిపోతుంది. ఉప్పూ కారం ఎక్కువేసి అన్నం ఎక్కువ తినడం రుచి కోసం కాదు. కూర కొనలేకపోవడం వల్ల. అందుకే ఉప్పు తగ్గించండి అనే సలహా, కూరగాయల ధర మాట్లాడకపోతే, ఉత్త తిట్టు లాగా వినిపిస్తుంది.

ఎండలో రోడ్లూడ్చేవాళ్లు, ఇటుక బట్టీలో పనిచేసేవాళ్లు చెమటలో ఉప్పు పోగొట్టుకుంటారు. వాళ్లకు ఉప్పు పూర్తిగా మానమనడం కూడా తప్పే. నీళ్లు సరిపడా తాగే వీలు, మూత్రానికి పోయే చోటు ఉండాలి. ఊడ్చే ఆడవాళ్లలో చాలామంది మరుగుదొడ్డి లేక నీళ్లే తాగరు. షుగర్ ఎక్కువుండి నీళ్లు తాగకపోతే కిడ్నీల మీద ఎంత బరువు పడుతుందో వేరే చెప్పాలా. తెల్లవారకముందే డ్యూటీకి పోతూ గ్లిమిపిరైడ్ లాంటి గోళీ వేసుకొని, తినకుండా గంటల తరబడి ఊడ్చే మనిషికి చక్కెర ఒక్కసారిగా పడిపోయి రోడ్డు మీదే కూలిపోయే ప్రమాదం ఉంది. ఆ గోళీ తిండితోనే.

ఇప్పుడు బజారులో తక్కువ సోడియం ఉప్పు అని కొత్త ప్యాకెట్ వచ్చింది. అందులో సోడియం కొంత తీసి పొటాషియం క్లోరైడ్ కలుపుతారు. బీపీ ఉన్నవాళ్లకు అది మంచిదే కావచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025 జనవరిలో ఇలాంటి ఉప్పు మీద మార్గదర్శకాలు ఇస్తూనే, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు, పొటాషియం బయటికి పోవడంలో ఇబ్బంది ఉన్నవాళ్లకు ఇవి వర్తించవని చెప్పింది. ఇది మనకు చావుబతుకుల సంగతి. ఎందుకంటే షుగర్ మెల్లగా కిడ్నీలను తింటుంది, ముందు నొప్పి ఉండదు. కిడ్నీ దెబ్బతింటే పొటాషియం రక్తంలో పేరుకుంటుంది. బీపీకి, కిడ్నీ రక్షణకు ఇచ్చే టెల్మిసార్టాన్, ఎనలాప్రిల్ లాంటి మంచి గోళీలు కూడా పొటాషియాన్ని కొంత పెంచుతాయి. ఆ మీద పొటాషియం ఉప్పు, బలానికని రోజూ కొబ్బరినీళ్లు. పొటాషియం హద్దు దాటితే గుండె లయ తప్పుతుంది. ముందు హెచ్చరిక ఉండకపోవచ్చు. ఊళ్లో గుండెపోటు అనుకుంటారు.

మెగ్నీషియం గోళీల గురించి తర్వాత చెప్తానన్నది ఇందుకే. కిడ్నీ బాగా దెబ్బతిన్నవాళ్ల ఒంట్లో మెగ్నీషియం కూడా పేరుకుపోతుంది. ఇంకా చేదు నిజం ఏమిటంటే, నేను పైన పొగిడిన రాగుల్లో పొటాషియం 100 గ్రాములకు 443 మిల్లీగ్రాములు, తెల్లబియ్యంలో 108. కిడ్నీ పోయి పొటాషియం పెరిగిన మనిషికి డాక్టరు రాగులు తగ్గించమని, తెల్ల అన్నమే తినమని చెప్పవచ్చు. అతను చెప్పేది సరైనదే. ఒకే ఇంట్లో కొడుక్కి మంచిదైన సంకటి తల్లికి మంచిది కాకపోవచ్చు. ఈ తేడా చెప్పేది వాట్సాప్ కాదు, క్రియాటినిన్, పొటాషియం, మూత్రంలో ఆల్బుమిన్ పరీక్షలు. అవి ఏడాదికి ఒక్కసారైనా జరగకపోతే చిరుధాన్యాల ప్రచారం కూడా ప్రమాదమే.

నీళ్ల సంగతి కూడా కలిపి చూడాలి. నల్లగొండ, ప్రకాశం జిల్లాల్లో ఫ్లోరైడ్ నీళ్లు తరాల ఎముకలను వంచాయి. దెబ్బతిన్న కిడ్నీ ఫ్లోరైడ్‌ను సరిగా బయటికి పంపలేదు కాబట్టి షుగర్ ముదిరిన మనిషికి ఆ నీళ్లు ఇంకా చెడ్డవి. మిషన్ భగీరథ వచ్చినా, నల్లా ఆగిన రోజు వాడ చివరి ఇల్లు మళ్లీ బోరు నీళ్లే తాగుతుంది. మరోవైపు క్యాన్ల నీళ్లలో మినరల్ వాటర్ అని రాసి ఉంటుంది. ఊళ్లో ఆర్ఓ ప్లాంటు చేసేది నీళ్లలోని కాల్షియాన్ని, మెగ్నీషియాన్ని ఎక్కువ భాగం తీసేయడం. ఫ్లోరైడ్ ఉన్నచోట అది అవసరం, మంచి నీళ్లున్న చోట అది పైసలు పెట్టి ఖనిజం పోగొట్టుకోవడం. 1927లో మహద్ చెరువు నీళ్లు తాగే హక్కు కోసం నడిచారు. ఆ హక్కులో నీళ్లలో ఏముందో తెలుసుకునే హక్కు కూడా ఉందని నా లెక్క.

డబ్బాలు, పొడులు

ఈ గందరగోళంలో వ్యాపారం బాగా సాగుతోంది. క్రోమియం గోళీ, గులాబీ రంగు ఉప్పు, షుగర్ వాళ్ల ప్రోటీన్ డబ్బా, వంద రోజుల్లో షుగర్ మాయం చేసే కషాయం. లోపం ఉందని పరీక్షలో తేలనప్పుడు షుగర్ అదుపు కోసం క్రోమియం లాంటి ఖనిజ గోళీలు రోజూ వాడాలనడానికి తగినంత ఆధారం లేదని అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ ఏటా రాస్తూనే ఉంది. గులాబీ ఉప్పు కూడా ఉప్పే, అయోడిన్ కలపకపోతే ఆ మేలు కూడా ఉండదు. షుగర్ నయం చేస్తామని ప్రకటన ఇవ్వడమే 1954 నాటి మ్యాజిక్ రెమెడీస్ చట్టం కింద నేరం. ఆ చట్టం పట్టికలో మధుమేహం పేరు రాసే ఉంది. తెలుగు టీవీ చానెళ్లలో పొద్దున అర్ధగంట కార్యక్రమాలు చూస్తే ఆ చట్టం ఉందని ఎవరికైనా తెలుసా అనిపిస్తుంది. ఆ డబ్బా ధరకు నెలంతా గుడ్లు వస్తాయి.

బాబాసాహెబ్‌కు షుగర్ ఉండేది. కాళ్ల నొప్పులు ఆయన్ని చివరి ఏళ్లలో బాగా బాధపెట్టాయి. 1948 ఏప్రిల్‌లో పెళ్లి చేసుకున్న డాక్టర్ సవితా అంబేద్కర్ ఆయన తిండినీ, ఇన్సులిన్‌నూ దగ్గరుండి చూసుకున్నారు. దేశానికి న్యాయశాఖ మంత్రిగా పనిచేసిన మనిషికి ఇంట్లో డాక్టరు ఉంటే 65 ఏళ్లు బతికారు. ఇంట్లో డాక్టరు లేని కోట్ల మందికి ఆ పని చేయాల్సింది ఎవరు?

కాగితం మీద ఏర్పాటు ఉంది. 30 ఏళ్లు దాటిన ప్రతివాళ్లకూ ఆశా కార్యకర్త పత్రం నింపాలి, షుగర్, బీపీ చూడాలి. పోర్టల్‌లో ఆ సంఖ్యలు ఎక్కుతాయి. తర్వాత నెల నెలా గోళీలు. కిడ్నీ ఎలా ఉంది, హిమోగ్లోబిన్ ఎంత, అయిదేళ్లుగా మెట్‌ఫార్మిన్ వాడుతున్నవాళ్ల బీ12 ఎంత అనేవి ఆ వరుసలో క్రమం తప్పకుండా రావు. తెలంగాణ డయాగ్నొస్టిక్స్ లాంటి ఉచిత పరీక్షల ఏర్పాటు ఉన్నప్పుడు దీన్ని నడపడం అంత కష్టం కాదు. ఆరోగ్యశ్రీ డయాలసిస్‌కు పెట్టే డబ్బుతో పోలిస్తే ఈ పరీక్షల ఖర్చు ఎంత? డయాలసిస్ కేంద్రం ప్రారంభానికి మంత్రి రిబ్బను కత్తిరించవచ్చు, మూత్ర పరీక్షకు రిబ్బను ఉండదు.

కులం వారీగా ఈ జబ్బు లెక్క కూడా లేదు. 2024 నవంబరులో తెలంగాణ ఇంటింటి సర్వే చేసి ఎస్సీలు 17.43 శాతం, ఎస్టీలు 10.45 శాతం అని తేల్చింది. మనం ఎంతమందిమో తెలిసింది. మనలో ఎంతమందికి షుగర్ ఉంది, ఎంతమంది కాలు పోగొట్టుకున్నారు, ఎంతమంది డయాలసిస్ మీద ఉన్నారు అని చెప్పే అంకె మాత్రం లేదు. ఆరోగ్యశ్రీ కార్డులో, దవాఖానా రిజిస్టర్లలో ఆ సమాచారం తీయాలంటే తీయగలరు. ఎస్సీ ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం కింద ఖర్చు చూపించే ప్రతి సంవత్సరం ఈ లెక్క కూడా అడగాలి.

రేషన్ విషయంలో కొత్త చట్టం కూడా అక్కర్లేదు. 2013 ఆహార భద్రత చట్టం బియ్యం కిలో 3 రూపాయలు, గోధుమలు 2 రూపాయలు అని రాసిన చోటే ముతక ధాన్యాలు 1 రూపాయి అని రాసింది. 2023 జనవరి నుంచి కేంద్రం వాటా ఉచితం అయింది. కర్ణాటక రేషన్‌లో రాగులు, జొన్నలు ఇస్తోంది. ఆంధ్రప్రదేశ్‌లో కూడా రాయలసీమ జిల్లాల్లో బియ్యం బదులు రాగులు ఇచ్చే ప్రయత్నం జరిగింది. తెలంగాణలో సన్నబియ్యం 6 కిలోలు తీసుకోవాలా, అందులో 2 కిలోలు జొన్నలో రాగులో తీసుకోవాలా అని కార్డుదారుని అడిగే మీట ఈ-పాస్ యంత్రంలో లేదు. అడగమని డిమాండ్ చేస్తే బియ్యం కోత పెడతారేమో అనే భయం వాడల్లో ఉంది, ఆ భయం అకారణం కాదు. అందుకే బియ్యం తగ్గించి కాదు, బియ్యంతో పాటు అని అడగాలి. ఆ జొన్నలు జహీరాబాద్ సంఘాల లాంటి చోట, దళితుల అసైన్డ్ చెలకల నుంచే మద్దతు ధరకు కొనమని కూడా అదే దరఖాస్తులో రాయాలి.